వీధి స్తంభానికి ప్లగ్గు పెట్టేదెవరు?

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని మన కార్యదర్శిగారు కోరినప్పుడు, డి.ఆర్. బకాయిల గురించో, హెల్తు కార్డుల గురించో వ్రాయమంటారేమో ననుకున్నాను. "అవి ప్రతి సంచికలోనూ ఉంటూనే ఉన్నాయి గదండీ, ఈసారి చరిత్ర ఏదైనా వ్రాయండి" అన్నారు. విద్యుత్ బోర్డు పంపిణీ విభాగంలో ముప్పై మూడేళ్ళు పనిచేసిన నాకు తెలిసిన చరిత్రంతా స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లదే. కనుక ఆ దారిలోనే ఒక కొత్త సంగతికి ఉన్న పాత మూలాలు మనవి చేస్తాను.

హైదరాబాదులో మేముండే అపార్టుమెంటు 1998లో కట్టినది. పదహారు ఫ్లాట్లు. దాని సంఘానికి నేను కోశాధికారిని. మూడో అంతస్తులో ఉండే రిటైర్డు టీచరమ్మగారి అబ్బాయి రెండేళ్ళ క్రితం విద్యుత్ స్కూటరు కొన్నాడు. మొదట్లో సెల్లారులో నీళ్ళ మోటారు పక్కనున్న ప్లగ్గుకు చార్జింగు పెట్టుకునేవాడు. "కామన్ మీటరు బిల్లు అందరిదీ, స్కూటరు ఒక్కరిది" అని కమిటీలో పేచీ వచ్చింది. ఆ అభ్యంతరం వ్రాతపూర్వకంగా ఇచ్చింది నేనే. మినిట్సు పుస్తకంలో తీర్మానం కూడా నా దస్తూరీలోనే ఉంది.

తర్వాత ఆ అబ్బాయి బాల్కనీ నుంచి పొడవాటి వైరు కిందికి దింపి రాత్రిపూట చార్జింగు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. వానాకాలంలో ఆ వైరు తడిగోడ వెంబడి వేలాడుతూంటే, ఎన్నో షాకు కేసుల పంచనామాలు చూసిన నాకు నిద్రపట్టలేదు. పిలిచి మందలించాను. "మరి నన్నెక్కడ పెట్టుకోమంటారు బాబాయిగారూ? దగ్గరలో ఉన్న స్టేషను కార్లకు. అదైనా మూణ్ణెల్లుగా పనిచెయ్యడం లేదు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి పుస్తకాలు, ప్రభుత్వ ఉత్తర్వులు వెతకడం ప్రారంభించాను. ఈ వ్యాసం ఆ వెతుకులాట ఫలితమే.

విద్యుత్ బండి నిన్న మొన్నటి వింత అని మనలో చాలామంది అనుకుంటున్నాం. కాదు. 1897 ఆగస్టులోనే లండను వీధుల్లో వాల్టర్ బెర్సీ అనే ఇంజనీరు తయారుచేసిన బాటరీ టాక్సీలు తిరిగాయి. సన్నగా ఝుమ్మని శబ్దం చేస్తాయని జనం వాటికి హమ్మింగ్ బర్డులని పేరు పెట్టారు. బాటరీ బరువుకు టైర్లు అరిగిపోవడం, తరచూ మరమ్మతులు రావడం వల్ల 1899 నాటికే అవి మూలపడ్డాయి. అమెరికాలో 1900 సంవత్సరంలో తయారైన సుమారు 4,200 కార్లలో 1,575 విద్యుత్ కార్లు. పెట్రోలువి 936 మాత్రమే. మిగిలినవి ఆవిరివి. ఆ రోజుల్లో చార్జింగు మునిసిపాలిటీ పని కాదు. బండి షెడ్డుకు చేరితే షెడ్డువాడే చూసుకునేవాడు.

వీటిలో నాకు ముచ్చట గొలిపినది అమెరికాలోని హార్ట్‌ఫర్డు ఊరి విద్యుత్ కంపెనీ పద్ధతి. 1910 నుంచి 1924 వరకు అక్కడ లారీ కొనేవాడు బాటరీ లేకుండా లారీ మాత్రమే కొనేవాడు. కంపెనీ బాటరీ ఇచ్చేది. అది అయిపోతే తీసి, నిండుగా ఉన్నది పెట్టి పంపేది. లారీ యజమాని నెలకు ఇంత, నడిచిన మైలుకు ఇంత అని కట్టేవాడు. ఆ పద్నాలుగేళ్ళలో ఆ బళ్ళు 60 లక్షల మైళ్ళకు పైగా తిరిగాయట. కరెంటు, బాటరీ, మరమ్మతు మూడూ ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. ఈ కథలో ముందు ముందు అదే అక్కరకు వస్తుంది.

తర్వాత సంగతి తెలిసిందే. 1908లో ఫోర్డు వారి చవక కారు, 1912లో హాండిలు తిప్పే బాధ లేని సెల్ఫ్ స్టార్టరు వచ్చాయి. పెట్రోలు బంకులు వెలిశాయి. విద్యుత్ బండి దాదాపు ఒక శతాబ్దం పాటు పక్కకు తప్పుకుంది.

అది తిరిగి వీధిలోకి వచ్చినప్పుడు పరిస్థితి మారింది. షెడ్లు లేవు. కారు రాత్రంతా ఇంటి ముందు వీధిలో నిలబడుతుంది, ఆ వీధి మునిసిపాలిటీది. ఈ చిక్కు ముందుగా ఎదురైన పెద్ద నగరాల్లో లండను ఒకటి. అక్కడ 2003 ఫిబ్రవరి నుంచి నగర మధ్యభాగంలోకి వచ్చే కార్లకు రోజుకు 5 పౌండ్ల రుసుము పెట్టి, విద్యుత్ కార్లకు మినహాయింపు ఇచ్చారు. అప్పుడు అక్కడ బాగా కనిపించిన బుల్లి కారు ఎక్కడిదనుకున్నారు? మన బెంగుళూరుది. 2001లో మార్కెట్లోకి వచ్చిన రేవా కారు, 2004 నుంచి జి-విజ్ అనే పేరుతో లండనులో అమ్ముడుపోయింది. 2006లో వెస్ట్‌మినిస్టర్ కౌన్సిలు కొవెంట్ గార్డెన్ ప్రాంతంలో వీధి అంచున చార్జింగు స్తంభాలు నిలబెట్టింది. బెంగుళూరులో పుట్టిన బండికి పరాయి ఊళ్ళో మునిసిపల్ ప్లగ్గు దొరికింది. ఇక్కడ దానిని కొన్నవాళ్ళు ఇంట్లో గీజరు ప్లగ్గు లాంటి 15 ఆంపియర్ల ప్లగ్గుకే పెట్టుకున్నారు.

లండనులో 32 బరోలు, సిటీ కార్పొరేషను కలిపి 33 స్థానిక ప్రభుత్వాలున్నాయి. ఒక్కొక్కరిది ఒక్కో స్తంభం, ఒక్కో కార్డు. అందుచేత 2011 మేలో మేయరు బోరిస్ జాన్సన్ హయాంలో సోర్స్ లండన్ అనే ఉమ్మడి పథకం మొదలైంది. ఏడాదికి 10 పౌండ్ల సభ్యత్వం కడితే ఏ బరోలోనైనా పెట్టుకోవచ్చు. 2013 ఆఖరుకు 1,300 చోట్ల పెట్టాలన్నది లక్ష్యం. కాగితం మీద ఇంతకంటే చక్కని పథకం ఉండదు. కాని స్తంభం పెట్టినది ఒకరు, దాని పేరు ఇంకొకరిది, బాగుచేసే కాంట్రాక్టు మరొకరిది. పది పౌండ్ల సభ్యత్వంతో మరమ్మతు ఖర్చులు గిట్టవు. ఎన్నో స్తంభాలు పనిచేయక నిలబడి ఉన్నాయని 2014 నాటికి పత్రికల్లో ఫిర్యాదులు రాసాగాయి. ఆ ఏడాదే పథకం ఫ్రాన్సుకు చెందిన బొల్లోరే సంస్థ చేతికి వెళ్ళింది.

ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించడానికి మనుషులకు లోటుండదు గాని, ఆరు నెలల తర్వాత ఫ్యూజు మార్చడానికి ఎవరూ ఉండరన్నది మన దేశానికే ప్రత్యేకమని నేను అనుకునేవాణ్ణి. లండను కథ చదివాక ఆ అపోహ పోయింది.

తర్వాత వాళ్ళు పట్టుకున్న ఉపాయం దీపస్తంభం. పాత సోడియం దీపాలు తీసి ఎల్.ఇ.డి. దీపాలు పెట్టగానే స్తంభానికి వచ్చే తీగలో కొంత సామర్థ్యం మిగిలింది. ఆ మిగులుతో స్తంభం పొట్టలోనే ప్లగ్గు అమర్చారు. కొత్తగా తవ్వే పని లేదు, కొత్త స్థలం అక్కరలేదు. సుమారు 5 కిలోవాట్ల లోపు, నెమ్మదిగా ఎక్కుతుంది. రాత్రి పెడితే తెల్లవారేసరికి సరిపోతుంది. 2020 మార్చిలో వెస్ట్‌మినిస్టర్‌లోని సదర్లండ్ ఎవెన్యూ అనే వీధిలో 24 దీపస్తంభాలను ఇలా మార్చారు. దీనికీ ఒక చిక్కు ఉంది. స్తంభం రోడ్డు అంచున ఉన్న వీధుల్లో అయితే బాగానే ఉంటుంది. గోడ పక్కన ఉన్న వీధుల్లో వైరు కాలిబాట మీదుగా సాగదీయాలి, ముసలివాళ్ళు తట్టుకుని పడతారు. మనబోటి వాళ్ళ సంగతి ఆలోచించి ఇంజనీర్లు ఆగిన సందర్భం ఇదొక్కటేనేమో! మొత్తం మీద 2022 ఆఖరుకు లండనులో ఇటువంటి చార్జింగు చోట్లు పదివేలు దాటాయి.

ఆంస్టర్‌డాం నగరం మరో విధంగా వెళ్ళింది. 2009 తర్వాత అక్కడ, సొంత పార్కింగు లేని వ్యక్తి విద్యుత్ కారు కొంటే నగరపాలక సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు. వాళ్ళు పరిశీలించి అతని ఇంటికి నడకదూరంలో ఒక స్తంభం పెడతారు. అది వీధిలో అందరికీ పనికివస్తుంది. అంటే ముందు మనిషి, తర్వాత స్తంభం. ఈ మాట చదివినప్పుడు మా మూడో అంతస్తు అబ్బాయే కళ్ళముందు మెదిలాడు.

ఇక మన దేశం సంగతి. మన సభ్యులకు బాగా తెలిసిన చట్టంతోనే మొదలుపెడతాను. ఒకరి మీటరు నుంచి పక్కింటికి కరెంటు ఇస్తే మనం కేసు వ్రాసేవాళ్ళం గుర్తుందా? 2003 విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. మరి చార్జింగు స్టేషను వాడు డబ్బు తీసుకుని చేసేదేమిటి? కరెంటు అమ్మకమే అయితే ప్రతి కిళ్ళీకొట్టు వాడూ రెగ్యులేటరీ కమిషను ముందు నిలబడాలి. ఈ ముడి 2018 ఏప్రిల్ 13న కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ ఇచ్చిన ఒక వివరణతో విడింది. బాటరీ చార్జి చేయడం అమ్మకం కాదు, సేవ, కనుక లైసెన్సు అక్కరలేదు అని తేల్చారు. నా దృష్టిలో, తర్వాత వచ్చిన పెద్ద పెద్ద పథకాలన్నిటి కంటే ఈ చిన్న కాగితమే ఎక్కువ పని చేసింది.

అదే సంవత్సరం డిసెంబరులో మార్గదర్శకాలు వచ్చాయి. నగరాన్ని 3 కిలోమీటర్ల పొడవు, 3 కిలోమీటర్ల వెడల్పు గళ్ళుగా చేసి గడికి కనీసం ఒక స్టేషను, రహదారుల మీద ఇరువైపులా 25 కిలోమీటర్లకొకటి ఉండాలన్నారు. మొదటి విడతలో 2011 లెక్కల ప్రకారం 40 లక్షలకు మించి జనాభా ఉన్న నగరాలను తీసుకున్నారు. వాటిలో హైదరాబాదు ఉంది. 2022 జనవరిలో సవరించి, ప్రభుత్వ స్థలం ఇచ్చిన సంస్థకు అమ్మిన యూనిట్‌కు ఒక రూపాయి వంతున చెల్లించే పద్ధతి పెట్టారు. 2024 సెప్టెంబరులో మరల సవరించి, 2030 నాటికి పట్టణాల్లో కిలోమీటరు గడికొకటి అన్నారు.

ఈ గళ్ళ లెక్క కాస్త వేసి చూద్దాం. 2007లో పన్నెండు పురపాలక సంఘాలను కలుపుకుని ఏర్పడినప్పుడు గ్రేటరు హైదరాబాదు విస్తీర్ణం సుమారు 650 చదరపు కిలోమీటర్లు. మూడు కిలోమీటర్ల గడి అయితే 72 స్టేషన్లతో నియమం తీరిపోతుంది. కిలోమీటరు గడి అయితే 650. రెండింటికీ తేడా తొమ్మిది రెట్లు. ఈ రెండు లెక్కల్లోనూ మనిషి ఎక్కడ పడుకుంటాడు, బండి ఎక్కడ నిలబెడతాడు అన్న ప్రశ్న లేదు. జూబ్లీహిల్స్ గడిలో ఇంటింటికీ పోర్టికో ఉంది. పాతబస్తీ గడిలో ఇంటి గుమ్మమే వీధి. గడి రెండింటికీ ఒకటే.

2019 ఫిబ్రవరిలో కేంద్రం నమూనా భవన నియమాలు సవరించి, పార్కింగులో 20 శాతం బళ్ళకు చార్జింగు సదుపాయం ఉండాలన్నది. మంచిదే. కాని అది కొత్తగా కట్టే భవనాల మాట. 1998లో కట్టిన మా సెల్లారు వంటివి ఆ నియమానికి వెలుపలే.

రాష్ట్రాల మాటకొస్తే, ఆంధ్రప్రదేశ్ 2018లోను, తెలంగాణ 2020 అక్టోబరులోను విధానాలు ప్రకటించాయి. రెండుచోట్లా స్టేషన్ల బాధ్యత పునరుత్పాదక ఇంధన సంస్థలకు అప్పగించారు. 2019 మార్చిలో హైదరాబాదు ఆర్టీసీ 40 విద్యుత్ బస్సులు ప్రవేశపెట్టింది. 2022 సెప్టెంబరు నుంచి తిరుమల ఘాటు మీద విద్యుత్ బస్సులు నడిచాయి. బస్సులకు చిక్కు తక్కువ. డిపో ఉంది, రాత్రి అక్కడికే చేరతాయి, చూసుకునేవాళ్ళున్నారు. హార్ట్‌ఫర్డు లారీల కథే మరల నడిచింది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను ఫీజు 2026 డిసెంబరు 31 వరకు పూర్తిగా మినహాయించింది. బండి కొనడం సులువైంది. అది నిలబెట్టే చోటే కరువు.

చిక్కు ఎక్కడుందో పంపిణీ విభాగం మనిషిగా చెబుతాను. 1959లో ఏర్పడిన మన బోర్డు 1999 ఫిబ్రవరిలో జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా, 2000 ఏప్రిల్‌లో నాలుగు పంపిణీ కంపెనీలుగా విడిపోయింది. ఒక వీధి మూల చార్జింగు స్టేషను రావాలంటే, స్థలం మునిసిపాలిటీది, లైను డిస్కంది, అనుమతి ఇంధన సంస్థది, యంత్రం ప్రైవేటు కంపెనీది, డబ్బు కట్టే యాప్ ఇంకొకరిది. అయిదుగురు. స్టేషను చెడిపోతే వినియోగదారుడు ఎవరి గుమ్మం ఎక్కాలి? కారుకు గంటలోపు ఎక్కించే 50 కిలోవాట్ల యంత్రాలు రెండు పెడితే, కాలనీలో ఉండే 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు వాటికే సరి. ఇళ్ళకు ఏమీ మిగలదు. కనుక స్టేషను ఎక్కడ అన్నది నిర్ణయించే గదిలో డిస్కం మనిషి మొదటి రోజే కూర్చోవాలి. అంతా అయ్యాక సంతకానికి ఫైలు పంపితే లాభం లేదు.

మన రోడ్ల మీద ఎక్కువగా ఉన్నవి స్కూటర్లు, ఆటోలు. స్కూటరుకు నిండా ఎక్కించాలంటే రెండు నుంచి నాలుగు యూనిట్లు చాలు. దానికి లక్షల యంత్రం ఎందుకు? ఈ విషయం కేరళ విద్యుత్ బోర్డు బాగా పట్టుకుంది. 2021 అక్టోబరులో కోళిక్కోడులో ఆటోలవాళ్ళ కోసం పది విద్యుత్ స్తంభాలకు చార్జింగు పాయింట్లు తగిలించారు. స్తంభం బోర్డుది, తీగ బోర్డుది, లైన్‌మన్ బోర్డువాడు. స్థలం కోసం ఎవరినీ అడగనక్కరలేదు. తర్వాత రాష్ట్రమంతటా వెయ్యికి పైగా పెట్టే కార్యక్రమం చేపట్టారు. ఒకే బోర్డుగా మిగిలిన చోట ఈ సౌలభ్యం ఉంది మరి. బోర్డు విడిపోయినందుకు నేను ఇప్పుడు కన్నీళ్ళు పెట్టుకోవడం లేదు. ఆ చర్చ మన సంఘంలో చాలాసార్లు అయింది.

మన దగ్గర స్తంభం డిస్కందే గాని, దాని నెత్తిన దీపం మునిసిపాలిటీది. మధ్యలో వేలాడే కేబుల్ టి.వి. చుట్టలు ఎవరివో దేవుడికే తెలియాలి. పైగా దీపాల ఫేజు తీగ వేరు. సాయంత్రం వేస్తారు, పొద్దున తీసేస్తారు. రాత్రి చార్జింగుకు అది అడ్డంకి కాదు, అనుకూలమే. 2017-18లో హైదరాబాదు వీధిదీపాలను ఎల్.ఇ.డి.లుగా మార్చినప్పుడు బిల్లు ఎంత తగ్గిందన్న లెక్క అందరం వేశాం. ఆ మిగిలిన సామర్థ్యంతో కింద ఒక ప్లగ్గు పెట్టవచ్చన్న ఊహ నాకైతే తట్టలేదు. తట్టి ఉంటే ఒక నోట్ వ్రాసి పంపేవాణ్ణి. రిటైరైనా ఆ అలవాటు పోలేదు గదా!

ఇంతా చదివాక మా కమిటీ సమావేశంలో నేనే లేచి నా పాత తీర్మానం రద్దు చేయమని కోరాను. చార్జింగుకు వేరే కేటగిరీ ఉంది గనుక సెల్లారుకు వేరే మీటరుకు దరఖాస్తు చేశాం. ఎర్తింగు, లీకేజీ బ్రేకరు నా సమక్షంలోనే పెట్టించాను. మూడు ప్లగ్గులు, ప్రతిదానికీ సబ్‌మీటరు. ఎవరు వాడినది వారే కడతారు. వైరు బాల్కనీ నుంచి దిగడం మానేసింది. టీచరమ్మగారు ఒక రోజు గారెలు పంపించారు. తీర్మానం చేసిన చేతికే గారెలు అందడం కొంచెం సిగ్గనిపించింది గాని, తిన్నాను.

కాని మా పక్క సందులో సెల్లార్లు లేవు. అక్కడ అద్దెకుండే ఇద్దరు కుర్రాళ్ళు ఇళ్ళకు భోజనాలు చేరవేసే పని చేస్తారు, వాళ్ళవి విద్యుత్ స్కూటర్లే. వాళ్ళ కోసం పార్కు గోడ వెంబడి ఉన్న నాలుగు స్తంభాలకు ప్లగ్గులు పెట్టించవలసిందని కాలనీ సంక్షేమ సంఘం పక్షాన ఒక అర్జీ తయారుచేశాను. స్తంభాల నంబర్లు, ట్రాన్స్‌ఫార్మరు లోడు వివరం జతపరచాను. స్తంభం మీద బాగుచేసే మనిషి ఫోను నంబరు పెద్ద అక్షరాలతో వ్రాయాలని ఒక షరతు కూడా పెట్టాను.

కార్యాలయంలో గుమస్తా ఓపిగ్గా చదివాడు. చదివి, "పెద్దవారు, కోపగించుకోకండి. ఇది లైటింగు సెక్షనుకు పంపాలా, టౌను ప్లానింగుకా, ఎస్టేటుకా?" అని అడిగాడు. మూడింటికీ నకళ్ళు ఇచ్చి, ఇన్‌వర్డు నంబరు వేయించుకుని వచ్చాను. నాలుగో నకలు డిస్కం సెక్షను ఆఫీసులో ఇచ్చాను. వచ్చే సోమవారం మరల వెళ్ళి కనుక్కోవాలి.